మూడు నిమిషాల సాక్ష్యం: పక్కింటివాళ్లకు అర్థమయ్యే తెలుగులో

మందిరంలో సాక్ష్యం చెప్పడం, అంటే యేసు వల్ల నా బతుకులో ఏం మారిందో చెప్పుకోవడం, ఒక ఎత్తు, సాయంత్రం గుమ్మంలో కూర్చుని బెండకాయలు తరుగుతున్న పక్కింటావిడకు చెప్పడం ఇంకో ఎత్తు. మందిరంలో "ప్రభువు నన్ను రక్షించాడు" అనగానే అందరూ ఆమేన్ అంటారు. పక్కింటావిడ మాత్రం "అయ్యో, ఏమైందండీ, యాక్సిడెంటా?" అంటుంది. ఆవిడ వెటకారం ఆడటం లేదు. ఆమెకు తెలిసిన తెలుగులో ఆ మాటకు అర్థం అదే.

రోజువారీ జీవితంలో విశ్వాసం పంచుకోబోయి దెబ్బతినేది ధైర్యం లేక అనుకుంటారు చాలామంది. మా లెక్కలో ముందు దెబ్బతీసేది భాష, ఆ తర్వాత సమయం. ధైర్యం మూడోది. అందుకే ఈ వరసలోనే చెప్పుకుందాం.

ముందు మాటల మూట విప్పండి

చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో పెరిగినవాళ్లకు మందిరం తెలుగు, ఇంటి తెలుగు కలిసిపోయి ఉంటాయి. ఏది ఏదో తెలియదు. ఒక తెల్లకాగితం మీద మీరు తరచుగా వాడే మాటలు రాసి, బైబిల్ ఎప్పుడూ తెరవని మనిషి చెవికి అవి ఎలా వినిపిస్తాయో ఎదురుగా రాయండి. కొన్ని ఇవి:

"తిరిగి జన్మించాను." ఎదుటివాళ్లకు వినిపించేది పునర్జన్మ. మళ్లీ పుట్టే పని లేకుండా చెయ్యమని ఆవిడ వ్రతాలు చేస్తుంటే, మళ్లీ పుట్టడమే శుభవార్త అని మీరు చెబుతున్నారు! దీని బదులు "నా బతుకు మళ్లీ మొదటి నుంచి మొదలైనట్టయింది" అనండి.

"పాపి." మన వాడుకలో ఇది తిట్టు. "పాపిష్టిదానా" అనే మాట గుర్తొస్తుంది. లేదా "అయ్యో పాపం" అనే జాలి. మీ గురించి మీరు చెప్పేటప్పుడు తప్పు పేరు పెట్టి చెప్పండి: కోపం, అబద్ధం, తమ్ముడితో పదేళ్లు మాట్లాడకపోవడం. ఎదుటివాళ్లకు ఆ బిరుదు మీరు ఇవ్వకండి.

"ఆత్మ నాతో మాట్లాడింది." వినేవాళ్లు తలుపు గడియ వైపు చూస్తారు. ఇంట్లో ఆత్మ అంటే చచ్చిపోయినవాళ్లదే. "ప్రార్థన చేసుకుంటుంటే మనసులో ఒక మాట గట్టిగా తట్టింది" అంటే చాలు.

"మా సంఘానికి రండి." మనకు సంఘమంటే చర్చి. డ్వాక్రా సంఘంలో ఉన్న ఆవిడ పొదుపు ఎంత కట్టాలని అడుగుతుంది. మనం ఆశ అనే అర్థంలో వాడే "నిరీక్షణ" వాళ్లకు బస్టాండులో ఎదురుచూపు. "మహిమ" అంటే బాబాగారు చేతిలోంచి తీసే విబూది. "రక్తంలో కడగబడ్డాను" అనే మాట అపార్ట్‌మెంట్ లిఫ్టులో అంటే భయపడతారు. చిత్రమేమిటంటే, జాతరలో అమ్మవారికి పొట్టేలును కొట్టే ఊళ్లో "నా బదులు ఆయన బలయ్యాడు" అనే మాట ఇట్టే అందుతుంది. వినేది ఎవరో చూసుకోవాలని చెప్పడం ఇందుకే.

ఇక క్రైస్తవులు కానివాళ్లను పిలిచే "అన్యులు" అనే మాట. దీనికి బదులు మాట వెతకనక్కర్లేదు, మానేస్తే సరిపోతుంది. ఇంట్లో మనలో మనం కూడా అనకండి. మీ ఏడేళ్ల పిల్లాడు ఆ మాటను బడిలో పక్క బెంచీవాడి మీద వాడతాడు.

రాయడం

నమూనా బైబిల్లోనే ఉంది. అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయంలో పౌలు అగ్రిప్ప రాజు ముందు చెప్పిన మాట చూడండి. నేను ఇలా ఉండేవాణ్ణి (4 నుంచి 11 వచనాలు), దారిలో ఇది జరిగింది (12 నుంచి 18), అప్పటి నుంచి ఇలా ఉన్నాను (19 నుంచి 23). మూడు భాగాలూ ఇంచుమించు ఒకే పొడవు. మన సాక్ష్యాలు ఎక్కడ తప్పుతాయో ఇక్కడే తెలిసిపోతుంది. పాత జీవితానికి రెండున్నర నిమిషాలు, తాగుడు, పేకాట, కొట్లాటలు కళ్లకు కట్టినట్టు. యేసుకు చివర్లో అర నిమిషం. విన్నవాళ్లకు గుర్తుండేది పేకాటే.

మామూలు వేగంతో మాట్లాడితే మూడు నిమిషాలకు 300 నుంచి 350 మాటలు పడతాయి. లాంగ్ నోట్‌బుక్‌లో పేజీన్నర. అంతకు మించితే కోసేయండి. తర్వాత కాగితం పక్కనపెట్టి ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. చదివినట్టు వినిపిస్తే మళ్లీ చెప్పండి. వరసగా నాలుగైదు సార్లు చేస్తే గానీ ప్రసంగం బాణీ గొంతులోంచి పోదు. ఆఖర్న పదేళ్ల పిల్లలెవరికైనా వినిపించి, వాళ్లు "అంటే?" అన్న ప్రతి మాటకూ గీత గీయండి.

తేడా ఎలా ఉంటుందో చూడండి. మందిరం తెలుగులో ఇలా ఉంటుంది: "లోకంలో, పాపపు ఊబిలో తిరుగుతున్న నన్ను ప్రభువు తన ఉచితమైన కృప చేత దర్శించి, ఏర్పరచుకుని, వాడుకుంటున్నాడు." ఇందులో ఒక్క మనిషి ముఖం కూడా కనపడదు. అదే సంగతి ఇంటి తెలుగులో ఇలా చెప్పవచ్చు. ఇది నమూనా కోసం కల్పించినది, మీది మీరే రాసుకోవాలి:

"నాకు కోపం ఎక్కువండీ. కూర చల్లారిందని కంచం విసిరేసిన రోజులున్నాయి. నా బండి చప్పుడు వినగానే పిల్లలు టీవీ కట్టేసి మూల కూర్చునేవాళ్లు. ఒకసారి యేసు చెప్పిన కథ ఒకటి చదివాను. వాటా పంచుకుని పోయి, అంతా తగలేసి, సిగ్గుపడుతూ తిరిగొచ్చిన కొడుకును తండ్రి తిట్టలేదు, ఎదురు పరిగెత్తుకెళ్లి కావలించుకున్నాడు. నా పిల్లలు నన్ను చూసి దాక్కుంటున్నారు కదా అని ఆ రాత్రి ఏడుపొచ్చింది. నా తప్పులు తన మీద వేసుకుని యేసు చనిపోయాడని, మూడో రోజున లేచాడని నమ్మాను. క్షమించమని, మార్చమని ఆయన్నే అడిగాను. కోపం ఒక్కరోజులో పోలేదు. ఇప్పటికీ వస్తుంది. కానీ వచ్చాక పిల్లల దగ్గరికెళ్లి తప్పయిపోయిందని చెబుతున్నాను. ఇదివరకు ఆ మాట నా నోట రాలేదు."

ఇందులో రెండు సంగతులు గమనించాలి. యేసు చావు, తిరిగి లేవడం గురించిన వాక్యం తీసేస్తే మిగిలేది కోపం తగ్గించుకున్న కథ; యోగా క్లాసుకెళ్లిన మనిషీ అదే చెబుతాడు. రెండోది, "ఇప్పటికీ వస్తుంది" అన్న ఒప్పుకోలు. అది లేకపోతే మీరు తర్వాత ఎప్పుడు గట్టిగా అరిచినా, ఆ అరుపు గోడవతల వినపడగానే సాక్ష్యమంతా కొట్టుకుపోతుంది.

"మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం, చెప్పుకునేందుకు ఏముంది" అనేవాళ్లు ఎక్కువే. లేనిపోని చీకటి తెచ్చి అతికించకండి. మీరు మొదటి భాగం వదిలేసి, అమ్మానాన్నల విశ్వాసం మీ సొంతమైన సందర్భం ఒకటి పట్టుకోండి: ఉద్యోగం పోయిన ఏడాది, నాన్న పోయిన రోజు, ఎవరినో క్షమించాల్సి వచ్చిన పూట.

రాసింది దిద్దేటప్పుడు మూడు రకాల వాక్యాలు కనపడగానే కొట్టేయండి. "ప్రార్థన చేశాక షుగర్ మాత్రలు మానేశాను" లాంటివి ఒకటి. విన్నవాళ్లు నిజంగానే మానేస్తారు. మీ వాళ్లు ఒకప్పుడు కొలిచిన దేవుళ్లను ఎగతాళి చేసేవి రెండోది. నమ్ముకున్నాక ఇల్లు కట్టాం, కారు కొన్నాం అనేవి మూడోది. అవి విని వచ్చినవాళ్లు కారు రాకపోతే వెళ్లిపోతారు.

ఎప్పుడు చెప్పాలి

అడిగినప్పుడు. మొదటి పేతురు 3:15లో ఉన్నది కూడా అదే, హేతువు అడిగేవాళ్లకు సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని. అడగడమంటే "మీ దేవుడి గురించి చెప్పండి" అని నోటితో అడగాలనేం లేదు. "ఇంత కష్టంలో కూడా ఎలా నవ్వుతున్నారండీ", "ఆదివారం ఎక్కడికెళ్తారు", "మీవాళ్లు బొట్టెందుకు పెట్టుకోరు" ఇవన్నీ తలుపులే. అయితే బొట్టు గురించి అడిగిన మనిషికి ఆదికాండం నుంచి అందుకోకూడదు. అడిగిన దానికి రెండు వాక్యాల్లో జవాబు చెప్పి ఆపండి. ఇంకా వినాలనుంటే వాళ్లే ఇంకోటి అడుగుతారు. అప్పుడు మూడు నిమిషాలది.

తెలుగు నేల మీద ఈ మాట ఎలా నడిచిందో తెలిస్తే ఇది కొత్త సలహా కాదని అర్థమవుతుంది. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పెరయ్య తోళ్ల వ్యాపారి. 1860ల్లో బాప్తిస్మం తీసుకున్నాడు. వ్యాపారం ఉన్న ఊళ్లలో, చుట్టాలున్న పల్లెల్లో, తన మనుషులకు తన భాషలో చెప్పుకుంటూ పోయాడు. మైకు లేదు, స్టేజీ లేదు. ఆ కథలోనే ఇంకో పాఠం ఉంది. 1876-78 కరువులో, ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం పనులు పట్టి జనానికి కూలి ఇప్పించాడు. సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం పేరు రాయించుకునేవాళ్లు వస్తారని. పనులు అయిపోయాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

కాబట్టి బియ్యం మూటలో కరపత్రం పెట్టకండి. ఫీజు కట్టిన పిల్లాణ్ణి ఆదివారం రమ్మనకండి. సాయం చేయండి, చేసి ఊరుకోండి. అప్పులో ఉన్నవాడికి, మీ కింద పనిచేసేవాడికి, మీ ఇంట్లో అంట్లు తోమే ఆవిడకు "వద్దు" అనే స్వేచ్ఛ ఉండదు. వాళ్లు తలూపితే అది ఒప్పుకోవడం కాదు.

ప్రసాదం వచ్చిన పూట

వినాయక చవితి నాడు పక్కింటి వదినగారు ఉండ్రాళ్లు పట్టుకొస్తారు. ఏం చేయాలన్న దానిలో క్రైస్తవుల్లోనే ఏకాభిప్రాయం లేదు. మొదటి కొరింథీయులు 8, 10 అధ్యాయాలు చదివి మీ మనస్సాక్షి ప్రకారం నడుచుకోండి. తీసుకోకూడదనుకునేవాళ్లు గుమ్మంలో నిలబెట్టి "మేం విగ్రహాలకు పెట్టింది తినం" అనడం మాత్రం ఘోరం. అది పండగకు ముందే, మామూలు రోజున, నవ్వుతూ చెప్పాల్సిన మాట: "వదినగారూ, మీ చేతి పులిహోర నాకిష్టం, ఎప్పుడు చేసినా పెట్టండి. పూజలో పెట్టింది మాత్రం మేం తీసుకోం, ఏమనుకోకండి." పూజకు ముందే మీకని ఓ గిన్నె తీసి పక్కన పెట్టే వదినగార్లు ఉంటారు. ఆ గుమ్మంలో సువార్త మొదలుపెట్టకండి, ఆ రోజు వాళ్ల పండగ.

క్రిస్మస్‌కు మీరు గులాబీ పువ్వుల పిండివంట, కేకు తీసుకెళ్లినప్పుడూ ఇదే లెక్క. డబ్బా అడుగున కరపత్రం దాచకండి. పిండివంట కింద కాగితం కనపడగానే ఆ పిండివంట ఎర అయిపోతుంది.

ఆస్పత్రి మంచం దగ్గర

తెలుగు ఇళ్లలో ప్రార్థన వద్దనేవాళ్లు తక్కువ. ఏ దేవుడైనా సరే, మనిషి బాగుపడితే చాలనుకుంటారు. అందుకే ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి. రోగిని అడగండి, రోగి మాట్లాడలేకపోతే ఇంటివాళ్లను అడగండి. "ప్రార్థన చేయనా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. తల మీద చేయి పెట్టాలంటే అది మళ్లీ విడిగా అడగాలి. గొంతు పక్క మంచానికి వినపడకూడదు. అర నిమిషం చాలు:

"యేసయ్యా, పిన్నిగారికి ఈ రాత్రి నిద్ర పట్టించు. రేపు ఆపరేషన్ చేసే డాక్టరు గారికి తోడుగా ఉండు. బయట కూర్చున్న బాబాయిగారికి ధైర్యం ఇవ్వు. ఆమేన్."

దయ్యాన్ని గద్దించడాలు, అరుపులు, నూనె పూయడాలు వద్దు. "ఏదో పాపం చేసి ఉంటారు, అందుకే" అనే మాట అసలే వద్దు. యోహాను 9:3లో యేసే దాన్ని కాదన్నాడు. తగ్గుతుందని హామీ ఇవ్వకండి. రెండు రోజులాగి మళ్లీ వెళ్లండి, ఈసారి ఫ్లాస్కులో కాఫీతో. ప్రార్థన చేసి మాయమయ్యేవాళ్లను ఇంటివాళ్లు బాగా గుర్తుపెట్టుకుంటారు.

చట్టం ఎక్కడ గీత గీసింది

రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి హక్కు ఇచ్చింది, ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అనే హద్దులతో. ప్రచారం చేసే హక్కు అంటే ఇంకొకర్ని మార్చే హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లో స్టెయినిస్లాస్ కేసులో చెప్పింది. ఇతరుల విశ్వాసాన్ని కావాలని అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. తిరుమల లాంటి చోట్ల ఇతర మత ప్రచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2007 నుంచి చట్టం ఉంది. ఒడిశాలో 1967 నుంచి, గుజరాత్‌లో 2003 నుంచి మతమార్పిడి చట్టాలున్నాయి. పని మీద రాష్ట్రం దాటినవాళ్లు అక్కడి సంగతి ముందు తెలుసుకోవాలి. గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు మరీ ముఖ్యం. కువైట్‌లో అనుమతి ఉన్న చోట ఆరాధన చేసుకోవచ్చు గానీ, ముస్లింలకు మత ప్రచారం చేస్తే జైలు, డిపోర్టేషన్ దాకా పోతుంది.

టీచర్లకు ఒక మాట. పిల్లల దగ్గర మీ మాటకున్న బరువు వేరు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడుల్లో మైనర్ పిల్లలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా మతబోధకు, ప్రార్థనకు కూర్చోబెట్టకూడదని 28వ అధికరణ చెబుతోంది. చట్టం లేకపోయినా ఇది పాటించాల్సిందే. మీ పిల్లల టీచరు మీకు తెలియకుండా అలా చేస్తే మీకెలా ఉంటుంది?

ఎస్సీ కుటుంబాల వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు సర్టిఫికెట్ గురించి అడుగుతారు. దాచకండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. క్రైస్తవులైనవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీలోకి వస్తారు, రిజర్వేషన్ 1 శాతం. పిల్లల చదువు, ఉద్యోగం మీద పడే సంగతి ఇది. ముందే తెలుసుకుని నిర్ణయించుకునే హక్కు వాళ్లది. "ఇంట్లో ఒక పేరు, కాగితంలో ఒక పేరు" అనే సలహా మాత్రం ఇవ్వకండి.

అడిగే ప్రశ్నలు

"దేవుడు ఒక్కడే కదండీ, పేర్లే వేరు" అంటారు. వాదనకు దిగితే ఇద్దరూ ఓడిపోతారు. "మీరు అలా అనుకుంటారని తెలుసు. నాకు మాత్రం యేసు ప్రత్యేకం ఎందుకయ్యాడో చెప్పనా?" అని మీ మూడు నిమిషాలకు రండి. "ఇది తెల్లవాళ్ల మతం" అంటే పెరయ్య సంగతి చెప్పండి. "మీ పాస్టర్లు కార్లలో తిరుగుతారు" అంటే వెనకేసుకు రాకండి. తప్పు చేసేవాళ్లు ఉన్నారని ఒప్పుకోండి. తెలియనిది అడిగితే "తెలియదు, కనుక్కుని చెబుతాను" అనండి, ఆ వారంలోనే చెప్పండి. ఆ రెండోది చేసేవాళ్లు అరుదు.

చదువుతానంటే, వస్తానంటే

మొత్తం బైబిల్ చేతిలో పెడితే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, లేవీయకాండం దగ్గర ఆపేస్తారు. లూకా సువార్త విడి పుస్తకం ఇవ్వండి, 15వ అధ్యాయం దగ్గర కాగితం ముక్క పెట్టి. అది నచ్చితే మొదటి నుంచి చదువుతారు, మొత్తం 24 అధ్యాయాలు. పాత అనువాదం గ్రాంథికంలో ఉంటుంది కాబట్టి వాడుక తెలుగు అనువాదం చూడండి. చదవడం రానివాళ్లకు ఫోన్లో ఆడియో పెట్టివ్వండి.

మందిరానికి వస్తానంటే అక్కడ ఏం జరుగుతుందో ముందు రోజే చెప్పండి. చెప్పులు బయట. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, చాలాచోట్ల తల మీద కొంగు. రెండు గంటలు పట్టవచ్చు. కానుకల సంచి వస్తే వేయనక్కర్లేదు. రొట్టె, ద్రాక్షారసం బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు మాత్రమే. చెప్పకపోతే ప్రసాదమనుకుని చేయి చాపుతారు, పెద్దాయన వద్దనేసరికి అందరిలో నామోషీ అవుతుంది. "కొత్తవాళ్లను నిలబెట్టకండి" అని పాస్టరు గారికి ముందే ఫోన్ చేయండి. వాళ్ల పక్కనే కూర్చుని పాటల పుస్తకంలో పేజీ తీసిపెట్టండి. అయ్యాక "నిర్ణయం తీసుకున్నారా" అనకుండా టిఫిన్‌కు తీసుకెళ్లండి.

బాప్తిస్మం దాకా వచ్చినా తొందరపెట్టకండి. పద్దెనిమిదేళ్లు నిండాయా, ఇంట్లో తెలుసా, ఒత్తిడి ఏమైనా ఉందా అని అడగండి. భర్తకు తెలియకుండా, అమ్మానాన్నలకు తెలియకుండా అనే దారి చూపించకండి. దేవుడి పటాలు తీసేయమని, తల్లి వండిన పండగ భోజనానికి వెళ్లొద్దని మీరు ఆజ్ఞలు ఇవ్వకండి. ఆ ఇల్లు వాళ్లది.

వద్దంటే అక్కడితో ఆపేయండి. వాట్సాప్‌లో రోజూ వాక్యం పంపుతూనే ఉంటే అది ఆపడం కాదు. పాల ప్యాకెట్ అందుకోవడం, ఊరెళ్తే తాళం ఇచ్చి వెళ్లడం, కరెంటు బిల్లు ఎంతొచ్చిందని అడగడం మాత్రం మునుపటిలాగే సాగాలి.